పాత కారు కరెంటు పని, ఒరిజినల్ చెడకుండా: తరచుగా అడిగే ప్రశ్నలు

మా నాన్నగారి 1961 మోడల్ మార్క్ వన్ అంబాసిడర్ విశాఖపట్నం పెదవాల్తేరులో మా ఇంటి షెడ్డులో ఉంటుంది, అంటే సముద్రం గాలి నేరుగా తగిలే చోట. దాని కరెంటు పని నేనే మూడేళ్లు కుస్తీ పట్టి చేసుకున్నాను, కొంత అడిగి నేర్చుకుని, కొంత కాల్చుకుని నేర్చుకుని. అప్పట్నుంచీ ఆదివారం పొద్దున్నే బీచ్ రోడ్డు మీద బండి ఆపితే చాలు, ఎవరో ఒకరు వచ్చి బానెట్ ఎత్తమంటారు, ఆ తర్వాత అవే ప్రశ్నలు. ప్రతిసారీ మొదటి నుంచి చెప్పే ఓపిక లేక ఇక్కడ రాసేస్తున్నాను. నేను మెకానిక్‌ని కాదు, కాబట్టి ఇందులో సగం సమాచారం, సగం నా పిచ్చి అభిప్రాయాలు.

అసలు మార్చాల్సిన అవసరం ఉందా?

చాలామందికి లేదు. సెల్ఫ్ కొడితే ఇంజన్ బద్ధకంగా తిరుగుతోంది, హెడ్‌లైట్లు గుడ్డిగా వెలుగుతున్నాయి, హారన్ కొడితే లైట్లు తగ్గిపోతున్నాయి అనగానే డైనమో (ఇంజన్‌తో తిరుగుతూ బ్యాటరీని ఛార్జ్ చేసేది) పీకేసి దాని తర్వాతి తరం ఆల్టర్నేటర్ పెట్టేద్దాం అనుకుంటారు. ఆగండి. ముందు ఎర్త్, అంటే కరెంటు బాడీ మీదుగా బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి, చూడండి.

మా బండిలో ఒకరోజు సెల్ఫ్ కొడుతుంటే డాష్‌బోర్డు కింద నుంచి సన్నగా పొగ వచ్చింది. చూస్తే చోక్ కేబుల్! ముట్టుకుంటే చెయ్యి కాలింది. కరెంటు వెళ్లని చోక్ కేబుల్ ఎందుకు కాలాలి? ఇంజన్‌కీ చాసీకీ మధ్య జడలా అల్లిన ఎర్త్ పట్టీ ఉంటుంది, అది పైకి బాగానే కనిపిస్తూ బోల్టు దగ్గర లోపల మొత్తం చిలుము పట్టి విరిగిపోయి ఉంది. ఇంజన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది కాబట్టి బాడీకి వేరే దారి లేదు. సెల్ఫ్ లాగే వంద పైచిలుకు ఆంపియర్లు ఏదో ఒక దారిన బ్యాటరీకి తిరిగి వెళ్లాలి కదా, ఇంజన్‌ని బాడీతో కలిపే లోహం ఏదుందా అని వెతుక్కుని పాపం ఆ చోక్ కేబుల్ మీద పడ్డాయి.

పరీక్ష సులువే. మీటరు వోల్టుల మీద పెట్టి, ఒక పిన్ను బ్యాటరీ ఎర్త్ పోస్టు మీద (క్లాంపు మీద కాదు, సీసపు పోస్టు మీదే), ఇంకోటి ఇంజన్ బ్లాక్ మీద గీకి శుభ్రం చేసిన చోట పెట్టి, ఒకళ్లని సెల్ఫ్ కొట్టమనండి. అర వోల్టు దాటి చూపిస్తే తప్పు డైనమోది కాదు, ఎర్త్‌ది. హెడ్‌లైట్‌కీ అలాగే, లైటు వెలుగుతుండగా బల్బు హోల్డరు దగ్గర ఎంత వస్తోందో చూడండి. బల్బుకి అందే వోల్టేజ్ పది శాతం తగ్గితే వెలుగు పది కాదు, దాదాపు ముప్ఫై శాతం తగ్గుతుంది. మాకు బ్యాటరీ దగ్గర 12.6 ఉంటే లైటు దగ్గర 10.9 వచ్చేది. కొత్త సామాను ఏదీ కొనకుండా, ఎర్త్ పాయింట్లన్నీ విప్పి, ఎమరీ పేపరుతో మెరిసేదాకా రుద్ది, వ్యాసలైన్ రాసి బిగిస్తే 12.1కి వచ్చింది. ఖర్చు ఎమరీ పేపరు, ఒక ఆదివారం.

"ఒరిజినల్" అంటే ఏమిటి? ఒక్క వైరు మార్చినా ఒరిజినల్ పోయినట్టేనా?

దీని మీద కొట్టుకునేవాళ్లు ఉన్నారు. నా లెక్క ఒకటే: నేను చేసింది రేపు నా కొడుకు ఒక రోజులో, స్పానరూ స్క్రూడ్రైవరూ పట్టుకుని, వెనక్కి తీసేయగలగాలి. బాడీకి కొత్త బెజ్జం పడకూడదు, పాత వైరు తెగకూడదు, తీసిన పార్టు పారేయకూడదు. ఈ మూడూ దాటనంత కాలం ఏం మార్చినా నాకు అభ్యంతరం లేదు. పాత బండ్ల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా వాళ్ల ట్యూరిన్ చార్టర్ కూడా దాదాపు ఇదే అంటుంది, మార్పులు పెద్దగా కంటికి కనిపించకూడదు, వెనక్కి తీసేలా ఉండాలి, ఏం మార్చారో రాసి పెట్టాలి అని.

పాజిటివ్ ఎర్త్ అంటే? నా బండి ఏదో ఎలా తెలుస్తుంది?

ఇప్పటి బండ్లలో బ్యాటరీ నెగటివ్ వైపు బాడీకి కడతారు. అప్పటి బ్రిటిష్ బండ్లలో పాజిటివ్‌ని బాడీకి కట్టేవారు. అందుకే మోరిస్ వంశం నుంచి వచ్చిన మొదటి తరం అంబాసిడర్లు, ల్యాండ్‌మాస్టర్లు, మోరిస్ మైనర్లు, తొలి స్టాండర్డ్ హెరాల్డ్‌లు పాజిటివ్ ఎర్త్. ఫియట్ 1100 ఇటలీది, దానికి 12 వోల్టుల నెగటివ్ ఎర్తే, ఆ బండి వాళ్లు హాయిగా తర్వాతి ప్రశ్న వదిలేయొచ్చు. అమెరికన్ బండ్లలో 1955కి ముందు షెవర్లే 6 వోల్టుల నెగటివ్ ఎర్త్, అదే కాలం ఫోర్డ్ 6 వోల్టుల పాజిటివ్ ఎర్త్. కాబట్టి 6 వోల్టులు అనగానే పాజిటివ్ ఎర్త్ అనుకోకండి.

ఇవన్నీ ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పటి సంగతులు. అరవై ఏళ్లలో మీ బండిని ఎవరు ఎటు తిప్పారో దేవుడికే తెలియాలి. బ్యాటరీ నుంచి బాడీకి వెళ్లే వైరు ఏ పోస్టు మీదుందో కళ్లతో చూడండి. పోస్టుల సైజు కూడా చూడండి, పాజిటివ్ పోస్టు లావు, నెగటివ్ సన్నం. బాడీకి వెళ్లే క్లాంపుని పక్కలు సాగదీసి లావు పోస్టుకి ఎక్కించినా, సన్న పోస్టు మీద రేకు ముక్క చుట్టి బిగించినా, మీకు ముందు ఎవరో ఎర్త్ మార్చారని అర్థం.

పాజిటివ్ ఎర్త్ నుంచి నెగటివ్ ఎర్త్‌కి ఎలా మార్చాలి?

డైనమో ఉంచుకునే బండికి ఇది ఒక పూట పని. మారిందని బయటివాళ్లు కనిపెట్టలేరు కూడా. బ్యాటరీ విప్పేసి, అన్నీ ఫోటోలు తీసుకుని మొదలెట్టండి.

బ్యాటరీని తిప్పి పెట్టి, క్లాంపులు పోస్టుల సైజుకి తగ్గట్టు మార్చండి. ఇగ్నిషన్ కాయిల్ మీద రెండు సన్న వైర్లు అటూ ఇటూ మార్చండి, నెగటివ్ ఎర్త్‌లో కాయిల్ మైనస్ వైపు డిస్ట్రిబ్యూటర్‌కి వెళ్లాలి. ఇది మర్చిపోయినా బండి స్టార్ట్ అవుతుంది, అదే దీంతో వచ్చిన చిక్కు. స్పార్క్ తలకిందులై ప్లగ్గు దగ్గర ఎక్కువ వోల్టేజ్ కావాల్సి వస్తుంది, మామూలు రోడ్డు మీద తెలీదు, సింహాచలం ఘాట్ ఎక్కేటప్పుడు మిస్ కొడుతుంది, మీరేమో కార్బురేటర్ విప్పుకుంటూ కూర్చుంటారు. అమ్మీటరు ఉంటే దాని వెనక వైర్లు కూడా మార్చండి, లేకపోతే ఛార్జింగ్ అవుతుంటే డిస్చార్జ్ అని చూపిస్తుంది.

అసలు సంగతి డైనమో. దాని పోల్ ఇనుములో పాత దిక్కు అయస్కాంతం మిగిలే ఉంటుంది, దాన్ని కొత్త దిక్కుకి తిప్పాలి. లూకాస్ (అప్పటి బ్రిటిష్ బండ్ల కరెంటు సామాను కంపెనీ) డైనమో అయితే రెండు వైర్లూ ఊడదీయండి. లావు టెర్మినల్ డి, సన్నది ఎఫ్. కొత్త పద్ధతిలో కట్టిన బ్యాటరీ పాజిటివ్ నుంచి ఒక వైరు తెచ్చి ఎఫ్ మీద తాకించి తీయండి. తాకించగానే చిటుక్కుమని చిన్న నిప్పురవ్వ వస్తుంది. అలా నాలుగైదు సార్లు, ఒక్కోసారి ఒక్క సెకను. అంతే, మళ్లీ వైర్లు ఎక్కించేయండి. ఇది చేయకుండా ఇంజన్ స్టార్ట్ చేస్తే డైనమో ఉల్టా కరెంటు పుట్టిస్తుంది, కటౌట్‌లో (డైనమోని బ్యాటరీకి కలిపి, విడదీసే పెట్టె) పాయింట్లు, అంటే కలిసి విడిపోయే లోహపు బిళ్లలు, టకటకా కొట్టుకుని అతుక్కుపోతాయి, ఆపైన కటౌట్ కాలుతుంది. నేను కాల్చాను. అమెరికన్ డైనమోలకి ఈ పద్ధతి పనికిరాదు, వాటిలో రెండు మూడు రకాలున్నాయి, మీ బండి సర్వీస్ మాన్యువల్‌లో ఉన్నట్టే చేయండి.

సెల్ఫ్, వైపర్ వెనక్కి తిరగవా?

తిరగవు. ఆ కాలం సెల్ఫ్ మోటార్లో, వైపర్ మోటార్లో అయస్కాంతం కూడా తీగ చుట్టతో చేసిందే, ఆర్మేచర్ తిరగబడితే ఫీల్డూ తిరగబడుతుంది, కాబట్టి మోటారు ఎప్పటిలాగే తిరుగుతుంది. తర్వాత ఎవరైనా శాశ్వత అయస్కాంతం ఉన్న చిన్న ఫ్యానో వాషర్ పంపో పెట్టి ఉంటే అవి మాత్రం ఉల్టా తిరుగుతాయి, వాటి వైర్లు మార్చుకోవాలి. బల్బులకి, హారన్‌కి, పాత రకం డబ్బా ఫ్లాషర్‌కి దిక్కుతో పనిలేదు. ఎస్‌యూ ఎలక్ట్రిక్ పెట్రోల్ పంపు ఉంటే పాయింట్లు మాత్రమే ఉన్న పాతది పర్లేదు, లోపల డయోడో ట్రాన్సిస్టరో ఉన్నది కాలిపోతుంది. పాత ట్రాన్సిస్టర్ రేడియో ఉంటే దాని వైరు ముందే పీకేయండి, తర్వాత తెలిసినవాళ్లకి చూపించుకోవచ్చు.

6 వోల్టుల బండిని 12కి మార్చేయనా?

మార్చొద్దనే చెప్తాను. 6 వోల్టులతో ఆ బండి కొత్తలో హాయిగా స్టార్ట్ అయింది కదా. 6 వోల్టుల మీద అదే పనికి రెట్టింపు ఆంపియర్లు కావాలి, 45 వాట్ల బల్బు 12 మీద నాలుగు ఆంపియర్లు కూడా లాగదు, 6 మీద ఏడున్నర లాగుతుంది. అందుకే అప్పటివాళ్లు బొటనవేలంత బ్యాటరీ కేబుళ్లు వేశారు. మధ్యలో ఎవరో అవి పాడైతే షాపులో దొరికిన 12 వోల్టుల బండి కేబుళ్లు వేసేశారు, అప్పట్నుంచీ "6 వోల్టుల బండి అంతేనండీ" అనే మాట మొదలైంది. కనీసం 50 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబులు వేసి, ఎర్త్ శుభ్రం చేసి చూడండి, ఆ తర్వాత మాట్లాడదాం.

అయినా మారుస్తానంటే మంచి విషయం ఒకటుంది, పాత వైరింగు లావుది కాబట్టి 12కి సరిపోయి మిగులుతుంది. బల్బులన్నీ, కాయిల్, డైనమో, కటౌట్ 12వి కావాలి. పెట్రోల్ మీటరు లాంటివాటికి వోల్టేజ్ తగ్గించే చిన్న యూనిట్ పెట్టాలి. సెల్ఫ్ మోటారు 12 మీద కూడా పనిచేస్తుంది, కానీ బెండిక్స్ (సెల్ఫ్ నుంచి ముందుకొచ్చే పళ్ల చక్రం) ఇంజన్ ఫ్లైవీల్ పళ్లని సుత్తితో కొట్టినట్టు కొడుతుంది, తాళం అలా పట్టుకుని ఉంచకూడదు.

డైనమో ఉంచాలా, ఆల్టర్నేటర్ పెట్టాలా?

లెక్క వేసుకోండి. లూకాస్ సి40 డైనమో ఇచ్చేది 22 ఆంపియర్లు, దానికి ముందుది సి39 అయితే 19. రాత్రి వర్షంలో హెడ్‌లైట్లకి ఏడున్నర, సైడ్, టెయిల్ లైట్లకి రెండు, ఇగ్నిషన్‌కి మూడు నాలుగు, వైపర్‌కి రెండు మూడు. పదహారు. అంటే కదులుతున్న బండికి డైనమో చాలు. ఆగిన బండికి చాలదు, ఎందుకంటే ఐడిలింగ్‌లో డైనమో దాదాపు ఏమీ ఇవ్వదు. భీమిలి రోడ్డు మీద మీకు ఏ ఇబ్బందీ ఉండదు, అదే వర్షంలో సాయంత్రం ఏడింటికి జగదాంబ దగ్గర ఇరుక్కుంటే బ్యాటరీ కరిగిపోతుంటుంది. నెలకి రెండు ఆదివారాలు తీసే బండికి డైనమో తీయడం అనవసరం. రోజూ తిరిగే బండి, కుటుంబంతో అరకు దాకా వెళ్లే బండి అయితే ఆల్టర్నేటర్ తప్పు కాదు.

డైనమో తీసేముందు అది నిజంగా పోయిందో లేదో చూడండి. డి, ఎఫ్ రెండింటి నుంచీ వైర్లు తీసేసి, ఆ రెండు టెర్మినళ్లనీ ఒక ముక్క వైరుతో కలిపి, అక్కడి నుంచి బాడీకి మీటరు పెట్టి ఇంజన్ నెమ్మదిగా రేజ్ చేయండి. వోల్టేజ్ చకచకా పెరిగి పదిహేను దాటితే డైనమో నిక్షేపంలా ఉంది, తప్పు కటౌట్‌లోనో వైర్లలోనో ఉంది. ఇరవై దాటనివ్వకండి. ఏమీ రాకపోతే ముందు కార్బన్ బ్రష్‌లు చూడండి, మా దాంట్లో ఒక బ్రష్ అరిగి అరిగి వేలి గోరంత మిగిలింది.

ఆల్టర్నేటరే పెట్టాలనుకుంటే మూడు దారులు. డైనమో ఆకారంలోనే ఉండే ఆల్టర్నేటర్లు విదేశాల్లో చేస్తున్నారు, దూరం నుంచి చూస్తే అచ్చం డైనమోనే, ధర చూస్తే కళ్లు తిరుగుతాయి. రెండోది అదే కంపెనీ తర్వాతి కాలం సరుకు, లూకాస్ 15ఎసిఆర్ 28 ఆంపియర్లు, 17ఎసిఆర్ 36, అవి కూడా పాతబడ్డాయి కాబట్టి కంటికి అంతగా తేడా కొట్టవు. మూడోది మారుతీ ఆల్టర్నేటర్. మన దగ్గర అందరూ చేసేది ఇదే, బానే పనిచేస్తుంది, కానీ బ్రాకెట్ కోసం ఇంజన్‌కి బెజ్జం వేస్తానంటే ఒప్పుకోకండి. పాత డైనమో బోల్టులకే సరిపోయే బ్రాకెట్ విడిగా చేయించండి.

ఆల్టర్నేటర్‌కి మామూలుగా నెగటివ్ ఎర్త్ కావాలి. బ్యాటరీ ఒక్క క్షణం ఉల్టా తగిలినా డయోడ్లు పోతాయి, ఇంజన్ తిరుగుతుండగా బ్యాటరీ తీసినా పోతాయి. అమ్మీటరు 30 ఆంపియర్లదైతే 60 ఆంపియర్ల ఆల్టర్నేటర్ పెట్టకండి, ఆ మొత్తం కరెంటు డాష్‌బోర్డు వెనక నుంచే వెళ్తుంది, అమ్మీటరు టెర్మినల్ కాలితే మంట మీ మోకాళ్ల దగ్గరే.

ఆల్టర్నేటర్ పెడితే కటౌట్ పెట్టె తీసేయాలా?

తీయొద్దు. గోడ మీద ఆ నల్ల పెట్టె లేకపోతే బానెట్ కింద బోసిపోతుంది. లూకాస్ ఆర్‌బి106 రకం కటౌట్ పెట్టె మీద ఎ, ఎ1, ఎఫ్, డి, ఇ అని ఐదు టెర్మినళ్లుంటాయి. లోపలి చుట్టలకి వెళ్లే దారులు విడదీసి, పెట్టెని ఉత్త జంక్షన్ బాక్సులా వాడుకోవచ్చు. డైనమో నుంచి వచ్చే లావు వైరు ఇప్పుడు ఆల్టర్నేటర్ అవుట్‌పుట్, దాన్ని ఎ, ఎ1తో కలపాలి. సన్నటి ఎఫ్ వైరు ఊరికే ఉంటుంది కాబట్టి దాన్ని ఛార్జింగ్ లైటుకి వాడుకోవచ్చు, డి మీదున్న ఆ లైటు వైరుని ఎఫ్‌కి మార్చాలి. కాలిపోయిన పాత పెట్టె ఏదైనా సంపాదించి దాని మీద ఈ పనంతా చేయండి, మీ మంచి పెట్టె భద్రంగా దాచుకోండి. ఆ లావు వైరు 22 ఆంపియర్లకి వేసింది, కాబట్టి ఆల్టర్నేటర్ నుంచి సెల్ఫ్ సోలినాయిడ్‌కి ఇంకో వైరు పాతదాని పక్కనే, అదే తొడుగులో వేయాలి.

ఇంకోటి, ఛార్జింగ్ లైటుకి ఎల్‌ఈడీ పెట్టకండి. ఆ 2.2 వాట్ల ఫిలమెంట్ బల్బులోంచి వెళ్లే కరెంటే ఆల్టర్నేటర్‌ని నిద్ర లేపేది. ఎల్‌ఈడీ పెట్టి ఛార్జింగ్ రావట్లేదని రెండు ఆల్టర్నేటర్లు మార్చిన పెద్దమనిషి ఒకరున్నారు, పేరెందుకులెండి, ఇప్పుడు మంచి స్నేహితుడు.

వైరింగు మొత్తం కొత్తది వేయించాలా? గుడ్డ చుట్టిన వైరు ఇప్పుడు దొరుకుతుందా?

ఒక చివర వైరుని వేళ్ల మధ్య పెట్టి వంచండి. లోపలి రబ్బరు అప్పడంలా పటుక్కుమంటే మొత్తం మార్చాల్సిందే, టేపు చుట్టి సరిపెట్టుకోకండి. వంగి మళ్లీ మామూలుగా వస్తే దాన్ని కదపకండి.

మన ఊళ్లో వైరు పైనుంచి చూసి ఏమీ చెప్పలేం. ఉప్పుగాలి చివర్ల నుంచి లోపలికి పాకుతుంది, లగ్గు (వైరు చివర బిగించే లోహపు ముక్క) దగ్గర ఒక అంగుళం తొడుగు ఒలిచి చూస్తే రాగి ఎర్రగా కాక నల్లగానో పచ్చగానో ఉంటుంది, ఆ రాగి మీద సోల్డరింగ్ కూడా అంటుకోదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా షెడ్డు రేకులు ఎగిరిపోయి బండి రాత్రంతా తడిసింది. ఆరిపోయాక అన్ని లైట్లూ వెలిగాయి, హమ్మయ్య అనుకున్నాం. రెండేళ్ల తర్వాత ఒక్కొక్కటే చావడం మొదలెట్టాయి. అందుకే కొత్త వైరు వేస్తే బోట్లకి వాడే తగరం పూత రాగి వైరు వేయమంటాను. పైన నూలు అల్లిక వేయించుకుంటే లోపల ఏముందో ఎవరికీ తెలీదు.

అల్లిక వైరు విదేశాల నుంచి బండి మోడల్ చెప్పి మొత్తం జీనుగా (బండికి సరిపడా ముందే కట్టిన వైర్ల కట్ట) తెప్పించుకోవచ్చు. నేను అంత పెట్టలేక వైర్లు మామూలువి వేసి, పైకి కనిపించే కట్టలకి మాత్రం జిగురు లేని నల్ల నూలు టేపు చుట్టాను. రంగులు మాత్రం మార్చలేదు. లూకాస్ పద్ధతిలో బ్రౌన్ అంటే నేరుగా బ్యాటరీ నుంచి, తెలుపు ఇగ్నిషన్, ఆకుపచ్చ ఇగ్నిషన్ తర్వాత ఫ్యూజు దాటింది, నీలం హెడ్‌లైట్, ఎరుపు సైడ్ లైట్, నలుపు ఎర్త్. రేపు రాత్రి ఏ నడిరోడ్డు మీదో టార్చి పట్టుకుని వెతికేటప్పుడు ఈ రంగులే దిక్కు.

పాత జీను తీస్తే తెంపకండి. ఒక పని కుర్రాడు మా డాష్‌బోర్డు వెనక చెయ్యి పట్టట్లేదని కటింగ్ ప్లేయర్‌తో కట్ట మధ్యలో తెంపేశాడు, నేను టీకి వెళ్లొచ్చేలోపు. పద్దెనిమిది వైర్లు. అరిచి మాత్రం ఏం లాభం.

ఫ్యూజులు రెండే ఉన్నాయి, చాలవు కదా?

చాలవు. పైగా ఆ రెండింట్లో హెడ్‌లైట్లకి ఒక్కటీ లేదు. అదనపు ఫ్యూజులు డాష్‌బోర్డు కింద కనిపించని చోట పెట్టుకోండి, ఎడమ, కుడి హెడ్‌లైట్లకి వేర్వేరుగా. రెంటికీ కలిపి ఒకటే పెడితే అనంతగిరి ఘాట్‌లో మలుపు మధ్యలో అది పోయిన క్షణం మీకు గుర్తుండిపోతుంది.

ఒక ముఖ్యమైన చిక్కు: పాత లూకాస్ గాజు ఫ్యూజు మీద 35 అని ఉంటే అది ఎగిరిపోయే ఆంపియర్లు, ఆగకుండా మోసేది దాంట్లో సగమే, పదిహేడు చిల్లర. ఇప్పటి ఫ్యూజు మీద అంకె ఆగకుండా మోసేది. కాబట్టి పాత 35 స్థానంలో కొత్త 35 పెడితే వైరు ముందు కాలి తర్వాత ఫ్యూజు ఎగురుతుంది. 15 పెట్టండి, మహా అయితే 20.

హెడ్‌లైట్లకి ఎల్‌ఈడీ వేయొచ్చా?

వేయకండి, ఆ తెల్లటి వెలుగు అంబాసిడర్ ముఖానికి అసహ్యంగా ఉంటుంది, పాత రిఫ్లెక్టరులో కూర్చోక ఎదుటివాడి కళ్లలో పడుతుంది. 60/55 వాట్ల హాలోజన్, రెండు రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని నడిపే స్విచ్చిలు) చాలు. రిలే పెడితే కాలితో తొక్కే డిమ్మర్ స్విచ్చి, డాష్‌బోర్డు స్విచ్చి సన్న కరెంటే మోస్తాయి, ఒరిజినల్ స్విచ్చిలు ఇంకో యాభై ఏళ్లు బతుకుతాయి. ఒరిజినల్ కాపాడటానికి కొత్త సామాను పెట్టడం అంటే ఇదే. టెయిల్, బ్రేక్ లైట్లకి మాత్రం ఎల్‌ఈడీ మంచిదే, వెనకొచ్చే బస్సువాడికి మీరు కనిపించాలి. ఎర్ర అద్దం వెనక ఎర్ర ఎల్‌ఈడీయే పెట్టండి, తెల్లది పెడితే గులాబీ రంగు వస్తుంది. బల్బు ఏ ఎర్త్‌కి చేసిందో చూసి కొనండి.

డిస్ట్రిబ్యూటర్ లోపలి పాయింట్లు తీసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్?

డిస్ట్రిబ్యూటర్ మూత కిందే దాక్కునే చిన్న మాడ్యూళ్లు ఉన్నాయి, బయటికి ఒక వైరు అదనంగా కనిపిస్తుంది అంతే. పనిచేసినన్నాళ్లు చాలా బాగుంటుంది. పోయిన రోజు రోడ్డు పక్కన చేయగలిగింది ఏమీ ఉండదు. పాయింట్లయితే గోళ్లు తీసుకునే ఆకురాయితో గీకి ఇంటికి రావచ్చు. నేను పెట్టాను, పాత పాయింట్లు, కండెన్సర్ ప్లేటుతో సహా గ్లవ్ బాక్సులో ఉంటాయి. ఇంజన్ ఆపి తాళం ఆన్‌లో వదిలేస్తే మాడ్యూల్, కాయిల్ రెండూ వేడెక్కి చస్తాయి, గుర్తుంచుకోండి. కాయిల్ రెసిస్టెన్స్ మాడ్యూల్ వాడు చెప్పినంత ఉందో లేదో కూడా ముందే కొలవండి, బాలాస్ట్ (విడిగా పెట్టే రెసిస్టర్) లేని 12 వోల్టుల కాయిల్‌కి మూడు ఓములు ఉంటుంది.

మలుపు తిరిగేటప్పుడు చెయ్యి లేచినట్టు లేచే ట్రాఫికేటర్లు తీసేయాలా?

అయ్యో, తీయకండి! పిల్లలు బండి చుట్టూ మూగేదే వాటి కోసం. కానీ వాటిని నమ్ముకుని ఎన్ఏడీ జంక్షన్లో తిరగకండి, ఆటోవాళ్లకి అదేంటో తెలీదు. ముందు సైడ్ లైట్లలో రెండు ఫిలమెంట్ల బల్బు వేసి, అదే స్విచ్చికి ఫ్లాషర్ కలిపితే చెయ్యి లేస్తుంది, లైటూ కొట్టుకుంటుంది.

ఫోన్ ఛార్జర్, పాటలు, ఏసీ?

ఛార్జర్ సాకెట్ గ్లవ్ బాక్సు లోపల పెట్టుకోండి. పాజిటివ్ ఎర్త్ ఉంచుకున్న బండిలో అయితే సాకెట్ బయటి లోహం బాడీకి అస్సలు తగలకూడదు, తగిలితే నేరుగా షార్ట్. పాటలకి బ్యాటరీతో నడిచే చిన్న బ్లూటూత్ స్పీకర్ సీటు కింద పెట్టుకోండి, దీనికింత ఆలోచన ఎందుకు. ఏసీ సంగతి అడగకండి.

బ్యాటరీ కూడా పాతదానిలా కనిపించాలంటే?

పాత గట్టి రబ్బరు డబ్బా దొరికితే లోపల ఖాళీ చేయించి, చిన్న సీల్డ్ బ్యాటరీ అందులో కూర్చోబెట్టొచ్చు, పైన తారు పోసినట్టు మూత. నేను చేయలేదు, చూశాను, చాలా బాగుంది. దానికంటే ముందు ఒక కటాఫ్ స్విచ్చి పెట్టించండి, బండి దిగగానే తిప్పేయడం అలవాటు చేసుకోండి. అరవై ఏళ్ల వైరు ఉన్న షెడ్డు పక్కనే మనం నిద్రపోతాం.

ఆర్టీవో వాళ్లు ఏమైనా అంటారా?

కేంద్రం 2021లో వింటేజ్ బండ్ల రిజిస్ట్రేషన్‌కి విడిగా నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటి ఉండాలి, చాసీ, బాడీ షెల్, ఇంజన్ మార్చి ఉండకూడదు. నంబరులో వీఏ అని వస్తుంది, కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000, పదేళ్ల తర్వాత మళ్లీ చేయించుకోవడానికి 5,000. ఆ నంబరు తీసుకుంటే రోజువారీ తిప్పడం, కిరాయికి ఇవ్వడం కుదరదు, ర్యాలీలు, ప్రదర్శనలు, పెట్రోలు, రిపేర్ల కోసమే తీయాలి. పైన చెప్పిన కరెంటు మార్పులు చాసీనీ బాడీనీ ఇంజన్‌నీ ముట్టుకునేవి కావు. అందుకే ఆ బ్రాకెట్ బెజ్జం గురించి అంత గొడవ చేశాను.

ఎవరి చేత చేయించాలి?

ఆటోనగర్‌లో చేయి తిరిగినవాళ్లు ఉన్నారు, కానీ కుర్రాళ్లు స్కానర్ గుచ్చే బండ్ల మీద పెరిగారు, కటౌట్ పాయింట్లు సర్దడం రాదు. డైనమో, సెల్ఫ్ రివైండింగ్ చేసే పాత షాపుల్లో తెల్లజుట్టు ఉన్నాయన్ని వెతకండి. నాకు దొరికిన ఆయన డాక్‌యార్డులో ఎలక్ట్రీషియన్‌గా రిటైరైన మా వీధి పెద్దాయన. మొదటి రోజు నేను ఆల్టర్నేటర్ ఫోటోలు చూపిస్తుంటే టెస్ట్ ల్యాంపు పట్టుకుని వంగి, "మీ నాన్నగారు తోలినన్నాళ్లూ దీనికేటీ కాలేదు కదండీ, మరి ఇప్పుడేటైందో అది చూద్దాం ముందు" అన్నారు. ఆ రోజు విప్పిందే ఆ ఎర్త్ పట్టీ.

ఎవరికిచ్చినా పక్కన కూర్చోండి. టీకి వెళ్లకండి.

తీసేసిన పాత పార్టులు అమ్మేయొచ్చా?

వద్దు. మా అటక మీద ఒక రేకు పెట్టె ఉంది, అందులో పాత కటౌట్, అరిగిన బ్రష్‌లు, పద్దెనిమిది వైర్లు తెగిన ఆ జీను, విరిగిన ఎర్త్ పట్టీ, ప్రతిదానికీ దారంతో కట్టిన అట్టముక్క, దాని మీద ఎక్కడ్నుంచి ఎప్పుడు తీశానో. ఎర్త్ పట్టీ ఎందుకని మా ఆవిడ అడిగింది. కొత్తది కొనేటప్పుడు పొడవు కొలవడానికి అన్నాను, నిజానికి కొనడం ఎప్పుడో అయిపోయింది.